కాతిబ్ చేతిలో ఎన్ని హునర్లు?

మన ఇళ్లల్లో నౌకరీ మాట వస్తే చాలు, పిల్లల నోట వచ్చే జుమ్లా ఒకటే: "నాకేమొచ్చని? ఏమీ రాదు." ఇరవై ఏళ్ల కింద నేనూ అదే అన్నాను. ఉర్దూ మీడియం స్కూల్లో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, పత్రికల్లో ఉద్యోగానికి దర్ఖాస్తు పెట్టుకుంటూ ఉర్దూ సంగతి దాచిపెట్టాను. అదొక లోటనుకున్నాను. నా ఆ ఖయాల్ ఎంత గలతో కాతిబ్‌ల తారీఖ్ చదివాక అర్థమైంది.

కాతిబ్ అంటే ఖలంతో అందంగా కితాబులు రాసేవాడు. 1856లో అంగ్రేజులు అవధ్ నవాబు వాజిద్ అలీ షాను గద్దె దింపారు. మరుసటి ఏడే గదర్. లక్నో దర్బారుతో పాటే దాన్ని నమ్ముకున్న ఖుష్‌నవీసుల రోజీ కూడా పోయింది. 1858లో అదే లక్నోలో మున్షీ నవల్ కిషోర్ ఛాపాఖానా పెట్టారు. అచ్చు మిషను వచ్చాక చేతిరాతతో ఏం పని అనిపిస్తుంది. కానీ మన నస్తాలీఖ్ లిపి ఏటవాలుగా కిందికి జారుతుంది, పక్క అక్షరాన్ని బట్టి రూపు మార్చుకుంటుంది. సీసం అక్షరాల్లో అది సరిగా ఒదగలేదు. అందుకే లితో పద్ధతి నడిచింది. కాతిబ్ ప్రత్యేకమైన సియాహీతో కాగితం మీద రాస్తే, ఆ రాతను రాతిపలక మీదికి దించి అచ్చు తీసేవారు. పలక మీద అక్షరాలు అద్దంలోలాగా తిరగబడి ఉంటాయి. అక్కడ తప్పులు దిద్దేవాడిని సంగ్‌సాజ్ అనేవారు. దర్బారులో పనికొచ్చిన చెయ్యే ఛాపాఖానాలోనూ పనికొచ్చింది.

రెండో దెబ్బ మన కళ్ల ముందే పడింది. 1949లో మొదలైన సియాసత్ లాంటి మన హైదరాబాద్ ఉర్దూ అఖ్బార్లను దశాబ్దాల పాటు కాతిబ్‌లే చేత్తో రాశారు. 1981లో కరాచీలో మీర్జా అహ్మద్ జమీల్ నూరీ నస్తాలీఖ్ తయారుచేశారు. ఆయన స్వయంగా ఖుష్‌నవీస్. వేలాది అక్షర జోడింపులను చేత్తో రాసి మరీ మిషనుకు అప్పజెప్పారు. 1994లో ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. కాతిబ్‌ల కుర్చీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి.

"నేను కాతిబ్‌ని" అని మాత్రమే అనుకున్నవాళ్లకు ఆ రోజుతో దారి మూసుకుపోయింది. "ఇన్నేళ్లూ నేను రోజూ ఏమేం చేశాను?" అని అడుక్కున్నవాళ్లకు జవాబులు చాలా దొరికాయి. ఎవరి పాడు దస్తూరీ అయినా చదవగలడు. ఈ ఖబర్ కాలంలో ఎన్ని లైన్లు పడుతుందో చూడగానే చెప్పగలడు. ఇమ్లా తప్పు పట్టగలడు. సుర్ఖీ ఎంత లావుండాలో తెలుసు. రాత్రి గడువు దాటకుండా పేజీ ముగించగలడు. మిషను అక్షరం మాత్రమే గీస్తుంది, మిగతావన్నీ మనిషికే తెలియాలి. అలా కొందరు కంప్యూటర్ కంపోజింగ్ నేర్చారు, కొందరు ప్రూఫులు దిద్దారు. చార్మినార్ దగ్గర ఛత్తా బజార్‌లో షాదీ రుఖాలు రాసినవాళ్లున్నారు, దుకాణాల బోర్డులు రాసినవాళ్లున్నారు.

అందరూ గట్టెక్కారని చెబితే ఝూట్ అవుతుంది. చూపు మందగించినవాళ్లు, వయసు మీరినవాళ్లు ఇంటిపట్టునే ఉండిపోయారు. హునర్ గుర్తుపట్టగానే నౌకరీ దొరికేస్తుందనీ కాదు. గుర్తుపట్టకపోతే మాత్రం ఏ తలుపు తట్టాలో కూడా తెలియదు.

నా సంగతికి వస్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక జమీన్ తగాదా ఖబర్ వచ్చింది. నిజాం జమానాలో సర్కారీ జబాన్ ఉర్దూ. ఆ పాత దస్తావేజూ ఉర్దూలోనే ఉంది. డెస్కులో ఎవరికీ అంతుపట్టలేదు. నేను చదివి తెలుగులో చెప్పాను. ఆ రోజు నుంచి భూముల ఖబర్లన్నీ నా టేబుల్ మీదికే వచ్చాయి. నేను దాచిపెట్టిన ఉర్దూయే నాకు రోటీ పెట్టింది.

అందుకే ఇంట్లో ఎవరైనా బయోడేటా రాస్తుంటే పక్కన ఒక కాగజ్ పెట్టండి. హోదాలు వద్దు, చేసిన పనులు రాయమనండి. అబ్బా దుకాణంలో కూచున్న కుర్రాడికి గిరాకీతో మాట్లాడటం, ఉధార్ ఖాతా చూడటం వచ్చు. కుట్టుపని చేసే అమ్మీకి కొలత, లెక్క, మాట మీద నిలబడటం వచ్చు. ఇంట్లో రెండు జబాన్లు, బజారులో మూడోది మాట్లాడే అమ్మాయికి తర్జుమా వచ్చు. ఆ కాగజ్ నిండాక కూడా "నాకేమీ రాదు" అంటే, అప్పుడు కాతిబ్‌ల కిస్సా వినిపించండి.