కాంకేర్ బడిలో నేర్పిన పాఠం

రాయ్‌పూర్ నుంచి జగదల్‌పూర్ వెళ్లే దారిలో బస్తర్‌కు వాకిలి వంటిది కాంకేర్. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2005లో అక్కడ ఉగ్రవాద నిరోధక, అటవీ యుద్ధ కళాశాలను నెలకొల్పింది. పేరుకు కళాశాలే గాని, అందులో విద్యార్థులు పోలీసులు. తరగతి గది అడవి. రోడ్డు వదిలి కాలినడకన సాగడం, పొంచి ఉండటం, మందుపాతరను పసిగట్టడం అక్కడి పాఠాలు.

ఈ బడికి మూలాలు మిజోరంలో ఉన్నాయి. 1966 నాటి మిజో తిరుగుబాటు అనుభవం నుంచి సైన్యం వైరెంగ్టేలో అటవీ యుద్ధ పాఠశాలను నిర్మించుకుంది. దానికి సారథ్యం వహించిన బ్రిగేడియర్ బి.కె. పొన్వర్, పదవీ విరమణ తర్వాత కాంకేర్‌ బాధ్యత చేపట్టారు. 'గెరిల్లాతో గెరిల్లాలాగే పోరాడు' అన్న వైరెంగ్టే నినాదం ఆయనతోపాటే బస్తర్‌కు వచ్చింది.

ఈ చరిత్రలో తెలుగువారి పాత్ర తక్కువేమీ కాదు. 1980లో పీపుల్స్‌వార్ దళాలు గోదావరి దాటి బస్తర్‌లో ప్రవేశించాయి. వాటిని ఎదుర్కొనేందుకు 1989లో కె.ఎస్. వ్యాస్ రూపుదిద్దిన గ్రేహౌండ్స్ తర్వాత ఇతర రాష్ట్రాలకు నమూనా అయింది. అంటే రోగమని కొందరు, మందని కొందరు అనుకున్న రెండూ తెలుగు నేల నుంచి వెళ్లినవే.

కాంకేర్ బడి తెరిచిన ఏడాదే సల్వాజుడుం మొదలైంది. ఐదో తరగతి చదివితే చాలు, ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా తీసుకున్నారు. రెండు నెలల శిక్షణ, నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం, చేతికి తుపాకీ. 2011 జులై 5న సుప్రీంకోర్టు ఈ ఏర్పాటు రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. చదువుకు నోచని యువకులను అరకొర శిక్షణతో యుద్ధంలోకి నెట్టడం వారి జీవించే హక్కునే కాలరాయడమని ఆ తీర్పు సారాంశం. దాన్ని వెలువరించిన ధర్మాసనానికి నేతృత్వం వహించిన జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి తెలుగువారే. 2025లో ఆయన ఉపరాష్ట్రపతి పదవికి పోటీ చేసినప్పుడు ఆ తీర్పే రాజకీయ వివాదమైంది.

తీర్పు తర్వాత రాష్ట్రం అదే ఏడాది కొత్త చట్టం తెచ్చి, ఆ యువకులను సహాయక సాయుధ పోలీసు దళంలో చేర్చుకుంది. మరోవైపు స్థానిక యువకులతో, లొంగిపోయిన మావోయిస్టులతో జిల్లా రిజర్వ్ గార్డ్ విస్తరించింది. సీఆర్‌పీఎఫ్‌లో బస్తరియా బెటాలియన్ వచ్చింది. బయటివారికి అడవి నేర్పడంతో మొదలైన కథ, అడవి బిడ్డలకే తుపాకీ నేర్పే దశకు చేరింది.

సైనిక దృష్టితో చూస్తే ఇది విజయమే. 2025 మే 21న అబూజ్‌మఢ్‌లో మావోయిస్టు ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం బిడ్డ నంబాళ్ల కేశవరావు మరణించింది జిల్లా రిజర్వ్ గార్డ్ చేతిలోనే. దాని మూల్యమూ అంతే పెద్దది. 2023 ఏప్రిల్ 26న దంతెవాడ జిల్లా అరన్‌పూర్ వద్ద మందుపాతర పేలి 10 మంది పోలీసులు, ఒక డ్రైవరు చనిపోయారు. ఆ పోలీసుల్లో కొందరు ఒకప్పుడు అవతలి పక్షాన తుపాకీ పట్టినవారే. ఏ వైపు లెక్క తీసినా చావు ఎక్కువగా ఆదివాసీ గడపలోనే.

2026 మార్చి 31 నాటికి మావోయిజాన్ని తుదముట్టిస్తామని కేంద్రం గడువు పెట్టింది. గడువులు యుద్ధానికి సరిపోతాయి, శాంతికి సరిపోవు. యుద్ధం ముగిశాక ఈ యువకులు పొరుగు గూడెంలోనే బతకాలి; నిన్న వెంటాడినవారి కుటుంబాలతో కలిసి సంతకు వెళ్లాలి. గెరిల్లాలా పోరాడటం నేర్పిన రాజ్యం, పోలీసులా ఫిర్యాదు వినడం, చట్టానికి లోబడి నడవడం వారికి నేర్పుతుందా? కాంకేర్ బడికి అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది.