మళ్ళీ ఎడమవైపుకి

వంగు. ఎడమకాలు ఒక అడుగు వెనక్కి పెట్టు. మోకాళ్ళు కొంచెం వదులు చెయ్యి. నడుం మాత్రం వంచకు. ఇప్పుడు తల తిప్పకుండా కళ్ళతోనే ఎడమకి చూడు.

97వ నంబరు. వేళ్ళు నేలకి ఆనించి, పిరుదులు పైకెత్తి, బంతి ఎప్పుడు కదులుతుందా అని కాచుకున్నాడు. నిక్ బోసా. బరువు 120 కిలోలు. నిరుడు మోకాలి లిగమెంట్ తెగి దాదాపు సీజన్ మొత్తం పోగొట్టుకున్నాడు. ఏడాదిపాటు దాచుకున్న ఆకలంతా ఇవాళ నీ మీదే.

నీ జెర్సీ మీద 58 ఉంది. నీ పేరు పెనే సూవెల్. నీకింకా 21 నిండలేదు. ఇవాళ 2021 సెప్టెంబరు 12, ఆదివారం. ఆట అమెరికన్ ఫుట్‌బాల్. ఊరు డెట్రాయిట్, మైదానం ఫోర్డ్ ఫీల్డ్. లయన్స్ తరఫున ఇది నీ మొదటి లీగ్ మ్యాచ్. ఎదుటి జట్టు శాన్‌ఫ్రాన్సిస్కో.

నీ వెనక క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్ ఉన్నాడు. కుడిచేతి వాటం. బంతి విసరబోతూ భుజం తిప్పగానే అతని వీపు నీ వైపుకి వస్తుంది. నిన్ను దాటి ఎవడైనా వస్తే అతనికి కనిపించడు, వచ్చి తగిలాకే తెలుస్తుంది. బంతి నీ చేతికి రాదు. నీ పేరు మీద ఒక్క పాయింటు పడదు. నువ్వు చేయాల్సిందల్లా ఆ వీపుని రెండున్నర, మూడు సెకన్లు కాయడమే.

ఆగస్టు అంతా నీ గురించే వాదన. జట్లు కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్టులో 7వ ఆటగాడిగా నిన్ను తీసుకున్న రోజు లయన్స్ గదిలో ఎగిరి గంతులేశారు. ప్రాక్టీసు మ్యాచ్‌లకి వచ్చేసరికి ఎదుటివాళ్ళు నిన్ను పక్కనుంచి చుట్టుకుని దూసుకుపోయారు. ఇంత పైన తీసుకున్నవాడు ఏ వైపు నిలబెట్టినా ఆడాలి కదా అన్నారు కొందరు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. ఆ తప్పులు అందరూ కళ్ళారా చూసినవే.

కానీ ఆ కాళ్ళలో ఏముందో చూడు. ఆరెగాన్ యూనివర్సిటీకి నువ్వు ఆడింది ఎడమవైపు. చివరి మ్యాచ్ 2020 జనవరి 1న, రోజ్ బౌల్. తర్వాత కోవిడ్ వచ్చింది, ఆ ఏడాది సీజన్ వదులుకున్నావు. ఏడాదిన్నర పైగా మ్యాచ్ మొహం చూడలేదు. తిరిగొచ్చాక కుడివైపు ఆడమన్నారు. వెనక్కి పెట్టే కాలు మారింది, ముందు తగలాల్సిన చెయ్యి మారింది. హైదరాబాద్‌లో పదేళ్ళు కారు నడిపి డెట్రాయిట్‌లో దిగిన మనవాళ్ళని అడుగు. ఇండికేటర్ వేద్దామని చెయ్యి పెడితే వైపర్ ఆడుతుంది. రోడ్డు మీద అయితే నవ్వుకుంటాం. ఇక్కడ ఆ అర సెకనుకి గాఫ్ పక్కటెముకలు విరుగుతాయి. అందుకే ఆగస్టు చూసి నీ మీద తీర్పు చెప్పినవాళ్ళ పక్షాన నేను లేను.

ఈ వారం ఇంకో మలుపు. ఎడమవైపు ఆడే టేలర్ డెకర్ వేలికి ప్రాక్టీసులో దెబ్బ తగిలింది. నెలల తరబడి కుడివైపు నేర్చుకున్నది పక్కనపెట్టి మళ్ళీ ఎడమకి రమ్మన్నారు, బోసా ముందుకి.

సరే, ఊపిరి పీల్చు.

నీకు మూడు భయాలున్నాయి. అతను బయటినుంచి చుట్టి రావచ్చు. నేరుగా గుండెల మీదకి రావచ్చు. బయటికి వెళ్తున్నట్టే వెళ్ళి లోపలికి తెగవచ్చు. నువ్వు మరీ వెనక్కి జరిగితే లోపలి దారి తెరుచుకుంటుంది. జరగకపోతే బయటి దారి పోతుంది. చెయ్యి ముందే చాచావా, కొట్టి పక్కకి తోసేస్తాడు. ఆలస్యం చేశావా, అతని చేతులు నీ ఛాతీకి చేరతాయి. కబడ్డీలోలా వాటేసుకోవడానికి లేదు, అది హోల్డింగ్ అవుతుంది, జట్టు మొత్తం 10 గజాలు వెనక్కి.

బంతి కదిలింది.

కాలు వెనక్కి. ఇంకోసారి. అతని భుజం వంగింది. బయటికే. కాదు. ఆగు. తుంటి చూడు, తల కాదు. ఇప్పుడు. చెయ్యి.

తగిలింది.

మోచేతిదాకా జలదరింపు. అతను కిందికి వాలాడు. నీ మడమ జారుతోంది. దిగు. ఇంకా దిగు. పట్టుకోకు. నెట్టు.

బంతి వెళ్ళిపోయింది.

కెమెరా బంతి వెంట పోయింది. ఇంట్లో కూర్చుని చూసినవాళ్ళకి నువ్వు కనపడనే లేదు. నువ్వు ఓడిపోయి ఉంటే అదే ముక్క పదిసార్లు తిప్పి చూపించేవాళ్ళు.

గాఫ్ ఇవాళ 57 సార్లు విసురుతాడు. స్కోరు 41-17 అయ్యాక మైదానంలో అందరికీ తెలుసు, ఇక పరుగు లేదు, విసరడమే. బోసా అటా ఇటా అని ఆలోచించాల్సిన పని లేదు. నీకు తొడలు మండుతున్నాయి. అయినా గీత మీదకి నడు. చివరి నిమిషాల్లో లయన్స్ 16 పాయింట్లు తెస్తారు, 41-33. బంతి మళ్ళీ మీ చేతికే వస్తుంది. స్టేడియం దద్దరిల్లుతుంది. నాలుగో ప్రయత్నం. కాలు వెనక్కి. చెయ్యి. బంతి నేలపాలవుతుంది. ఓడిపోయారు.

ఆ రాత్రి వాదన స్వరం మారుతుంది. ఎడమవైపు నిలబెడితే చూశారా అంటారు. అయితే నవంబరులో డెకర్ తిరిగొస్తాడు. నిన్ను మళ్ళీ కుడికి పంపుతారు. 2023లో ఆ కుడివైపు నుంచే నువ్వు ఆల్‌ప్రో, అంటే ఆ ఏటి మేటి ఆటగాళ్ళ మొదటి జట్టులోకి వెళతావు. అది నీకింకా తెలీదు.

పిట్స్‌బర్గ్, 2021 నవంబరు 14. వాన. గడ్డి చిత్తడిగా ఉంది. ఎదురుగా 90వ నంబరు, టి.జె. వాట్, విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టే శాక్‌లు ఈ సీజన్ 22.5తో ముగించి లీగ్ రికార్డు సమం చేయబోతున్నవాడు.

వంగు. ఈసారి కుడికాలు.