మూడు వందల గంటలు

మా క్లినిక్ సర్వర్‌లో నాలుగు డిస్కులుండేవి. ఒకనాటి మధ్యాహ్నం వాటిలో ఒకటి చెడింది. కొత్తది అమర్చి సమాచారాన్ని పునర్నిర్మిస్తూండగానే రెండోదీ ఆగిపోయింది. ముందురాత్రి వేరేచోట దాచిన నకలు వల్ల రోగుల రికార్డులు దక్కాయి. ఆనాటి ఉదయం రాసినవి మాత్రం దక్కలేదు. ఒక్కొక్క రోగికీ ఫోను చేసి, మార్చిన మందుల మోతాదులు మళ్ళీ రాసుకున్నాం. ఒక డిస్కు పోయినా నష్టముండదన్న హామీ ఎక్కడ పుట్టిందో, దాని హద్దులేమిటో అప్పుడు వెతికాను.

1988లో చికాగోలో జరిగిన సిగ్‌మాడ్ సదస్సులో బర్కిలీ పరిశోధకులు డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ ఒక పత్రం సమర్పించారు. ఐబీఎం 3380 వంటి భారీ డిస్కుకు బదులు, వ్యక్తిగత కంప్యూటర్లలో వాడే చవక డిస్కులను గుంపుగా వాడవచ్చన్నది వారి ప్రతిపాదన. చిక్కు కూడా వారే లెక్కగట్టారు. ఒక డిస్కు సగటు ఆయుష్షు 30,000 గంటలైతే, వంద డిస్కులలో ఏదో ఒకటి సగటున 300 గంటలకే, అంటే రెండు వారాలలోపే, చెడుతుంది.

దీనికి విరుగుడు అదనపు సమాచారం. 4, 7, 2 అనే అంకెలతోపాటు వాటి మొత్తం 13ను కూడా దాచితే, ఏ ఒక్కటి పోయినా తీసివేతతో తిరిగి వస్తుంది. పారిటీ సూత్రం స్థూలంగా ఇదే. ఇది వారు కనిపెట్టినది కాదు. 1978లోనే ఐబీఎం ఉద్యోగి నార్మన్ ఔచీకి ఇటువంటి పద్ధతిపై పేటెంటు వచ్చింది. టాండెమ్ యంత్రాలలో జంట డిస్కులూ అప్పటికే ఉన్నాయి. ఈ మార్గాలను ఒకటి నుంచి ఐదు వరకు వరుసపెట్టి, ఖర్చునూ భద్రతనూ పక్కపక్కన తూచడం, రెయిడ్ అని పేరు పెట్టడం బర్కిలీ వారి ఘనత.

వారి లెక్కకు ఆయువుపట్టు మరమ్మతు సమయం. మొదటి డిస్కు స్థానం భర్తీ అయ్యేలోపు అదే గుంపులో రెండోది చెడితేనే నష్టం. నాటి చవక డిస్కు పరిమాణం సుమారు 100 మెగాబైట్లు, నేడు టెరాబైట్లు. గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి సాగే పునర్నిర్మాణంలో మిగిలిన డిస్కులన్నిటినీ ఆసాంతం చదవాలి. రెండు డిస్కుల నష్టాన్ని తట్టుకునే ఆరో పద్ధతికి ప్రాముఖ్యం పెరిగింది అందుకే.

నాలుగు టెరాబైట్ల డిస్కులు నాలుగుంటే, మేము వాడిన ఐదో పద్ధతిలో 12 టెరాబైట్లు వాడుకోవచ్చు. ఆరో పద్ధతిలో 8 మాత్రమే. జంటలుగా పెట్టే పదో పద్ధతిలోనూ 8 టెరాబైట్లే. అందులో రాత వేగం ఎక్కువ, కాని ఒకే జంటలోని రెండూ పోతే గతి లేదు. ఈసారి మేము ఆరోదానిని ఎంచుకున్నాం. పొరపాటున చెరిపిన రికార్డును ఏ పద్ధతైనా అంతే విశ్వాసంగా అన్ని డిస్కులలోనూ చెరిపేస్తుంది కనుక, వేరేచోట తీసే నకలును ఇప్పుడు గంటకొకసారి తీస్తున్నాం.