సి భాషలో టైపు పరిశీలన అవసరమైన సందర్భాలు : తెలుగు పాఠ్యం ఆధారంగా ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
సి భాషలో టైపు, అంటే దత్తాంశపు రకం, కంపైలర్ దశకే పరిమితం. ప్రోగ్రాం నడిచే సమయంలో ఆ రకాన్ని మళ్లీ పరిశీలించవలసిన సందర్భాలేవో తెలుగు లిపి సంకేతాల చరిత్ర ఆధారంగా నిర్ణయించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: సి భాష, టైపు, ఇస్కీ, యూనికోడ్, తెలుగు లిపి, రాజమహేంద్రవరం.

1. ఉపోద్ఘాతం:
1967లో మార్టిన్ రిచర్డ్స్ రూపొందించిన బి.సి.పి.ఎల్.కు గాని, దానిని అనుసరించి బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్ రూపొందించిన 'బి' భాషకు గాని టైపులు లేవు. ఒక విలువ సంఖ్యో, అక్షరమో, చిరునామాయో ప్రోగ్రామరే గుర్తుంచుకోవాలి. ప్రతి బైటుకూ చిరునామా గల పి.డి.పి.-11 యంత్రం వచ్చాక ఈ పద్ధతి చాలలేదు. డెనిస్ రిచీ 'చార్', 'ఇంట్' వంటి టైపులను చేర్చగా 1970ల ఆరంభంలో సి భాష ఏర్పడింది. అయితే ప్రోగ్రాం యంత్రసంకేతంగా మారాక మెమరీలో బైట్లే మిగులుతాయి. వాటి రకాన్ని తెలిపే గుర్తు ఉండదు.

2. రకం మరుగుపడే చోట్లు:
వాయిడ్ పాయింటర్ చిరునామాను మాత్రమే చెబుతుంది, అక్కడున్నదేమిటో చెప్పదు. యూనియన్‌లో ఒకే స్థలాన్ని వేర్వేరు రకాలు పంచుకుంటాయి. ఈ రెండు చోట్లా ఏ రకమున్నదో మరో విధంగా తెలియనప్పుడు, దానిని సూచించే గుర్తును పక్కనే నిలిపి, వాడేముందు సరిచూడాలి. మూడవది, బయటి నుండి వచ్చే దత్తాంశం. తెలుగు పాఠ్యం ఈ కోవలోనిదే.

3. ఒకే టైపు, మూడు సంకేత పద్ధతులు:
1991లో భారతీయ ప్రమాణమైన ఇస్కీలో ఒక్కొక్క వర్ణానికీ, గుణింతపు గుర్తుకూ ఒక్కొక్క బైటు. అను వంటి డి.టి.పి. ఖతులలో బైటు అక్షరాన్ని గాక, అక్షరపు ముక్క ఆకారాన్ని సూచిస్తుంది. 1992లో థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యు.టి.ఎఫ్.-8లో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు. సి కంపైలరుకు ఈ మూడూ 'చార్' వరుసలే. కనుక ఒకదానిని మరొకటిగా చదివినా అది తప్పు పట్టదు. యు.టి.ఎఫ్.-8లో తెలుగు సంకేతపు మొదటి బైటు 224, రెండవది 176 లేదా 177. ఈ క్రమాన్ని నడిచేవేళ మాత్రమే సరిచూడగలం.

4. ఊరి పేరు, బైట్ల లెక్క:
2015లో రాజమండ్రి పేరు అధికారికంగా రాజమహేంద్రవరంగా మారింది. 'రాజమండ్రి'లో అక్షరాలు 4, యూనికోడ్ సంకేతాలు 9, బైట్లు 27. 'రాజమహేంద్రవరం'లో అక్షరాలు 7, సంకేతాలు 13, బైట్లు 39. ఉదాహరణకు పేరుకు 32 బైట్లు కేటాయించిన ప్రోగ్రామును తీసుకుంటే, ముగింపు గుర్తుతో కలిపి పాత పేరు 28 బైట్లలో ఇముడుతుంది. కొత్త పేరుకు 40 కావాలి. నిడివి చూడకుండా రాస్తే పక్క మెమరీ చెడుతుంది. 31 బైట్ల వద్ద కత్తిరిస్తే 'రాజమహేంద్ర' తరువాత 'వ'లోని మొదటి బైటొక్కటే మిగిలి పాఠ్యం చెల్లనిదవుతుంది. టైపు మారలేదు, విలువ మాత్రమే మారింది.

5. 2018 నాటి 'జ్ఞా':
2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరం ఐఫోన్లలో అనువర్తనాలను కూల్చింది. జ, పొల్లు, ఞ, కంటికి కనబడని విడదీత గుర్తు, దీర్ఘం అనే వరుస దీనికి కారణం. ఇందులో ప్రతి సంకేతమూ విడిగా సక్రమమే, కూర్పు మాత్రం ఊహించనిది. ఆపిల్ సంస్థ దీనిని కోర్‌టెక్స్ట్‌లోని మెమరీ దోషంగా పేర్కొని, లోనికి వచ్చే దత్తాంశపు పరిశీలనను మెరుగుపరచి, ఫిబ్రవరి 19న విడుదలైన ఐ.ఓ.ఎస్. 11.2.6లో సవరించింది. టైపు, సంకేత పద్ధతి రెండూ సరిపోయినా పరిశీలన పూర్తి కాదని ఈ సంఘటన నిరూపించింది.

6. ముగింపు:
రకాన్ని కంపైలరే నిర్ధారించగల చోట, అంటే ప్రోగ్రాంలోని ప్రమేయాల మధ్య, మళ్లీ పరిశీలించడం వృథా. రకం మరుగుపడిన చోటా, దత్తాంశం బయటి నుండి ప్రవేశించే చోటా పరిశీలన అనివార్యం. అక్కడ సంకేత పద్ధతి, నిడివి, కూర్పు అనే మూడింటినీ చూడాలి. పాత డి.టి.పి. ప్రతులనూ, గ్రంథాలయ జాబితాలనూ యూనికోడ్‌లోకి మార్చే పనిలో ఇది మరింత ముఖ్యం. అక్కడ ప్రోగ్రాం ఆగిపోతే దోషం తెలుస్తుంది. ఆగకుండా తప్పుగా చదివితే గ్రంథపాఠమే మారిపోతుంది.