ఉమ్మడి నిర్ణయపు కొలమానాలు: క్యాన్సర్ స్క్రీనింగ్

ఏ జబ్బు లక్షణమూ లేని మనిషికి క్యాన్సర్ పరీక్ష చేయాలా వద్దా, చేస్తే ఏది, ఎప్పుడు అన్నది వైద్యుడూ ఆ మనిషీ కలిసి మాట్లాడుకొని తేల్చుకుంటే దాన్ని ఉమ్మడి నిర్ణయం అంటారు. ఆ మాటామంతీ నిజంగా జరిగిందా, ఎంతమేరకు జరిగింది అని అంకెల్లో తేల్చే ప్రశ్నావళులూ పరిశీలన పట్టికలూ దాని కొలమానాలు. నొప్పితో వచ్చినవాడికి వైద్యం కావాలి, అక్కడ బేరం తక్కువ. స్క్రీనింగ్‌కు పిలిచేది ఆరోగ్యంగా ఉన్నవాళ్లను. వెయ్యిమందిని పరీక్షిస్తే ప్రాణం దక్కేది కొద్దిమందికే. లేని జబ్బు ఉందేమోనన్న అనుమానంతో పెద్దాసుపత్రికి తిరగాల్సి వచ్చేవాళ్లు అంతకంటే ఎక్కువమంది. అందుకే ఇక్కడ అడిగి చేయడం మర్యాద కోసం మాత్రమే కాదు.

ఈ ఆలోచనకు స్పష్టమైన రూపం 1997లో వచ్చింది. కెనడాకు చెందిన కేథీ చార్లెస్, అమీరామ్ గాఫ్నీ, టిమ్ వీలన్ ఆ ఏడాది రాసిన వ్యాసంలో కనీసం ఇద్దరు పాల్గొనాలి, ఇద్దరూ సమాచారం పంచుకోవాలి, తేలినదానికి ఇద్దరూ ఒప్పుకోవాలి అన్నారు. కొలమానాలు చాలావరకు ఆ తరువాతివే. గ్లిన్ ఎల్విన్ బృందం 2003లో తెచ్చిన ‘ఆప్షన్’ పట్టికలో మూడో మనిషి సంభాషణ రికార్డింగు విని 12 అంశాలకు సున్నా నుంచి నాలుగు దాకా మార్కులేస్తాడు. తరువాత దాన్ని అయిదు అంశాలకు కుదించారు. జర్మనీలో పుట్టిన ‘ఎస్‌డీఎమ్-క్యూ-9’లో మార్కులేసేది రోగే. తొమ్మిది వాక్యాలకు సున్నా నుంచి అయిదు వరకు, మొత్తం 45, దాన్ని నూటికి మారుస్తారు. వైద్యుడు నింపే జంట ప్రశ్నావళి కూడా ఉంది. 2013 నాటి ‘కొలాబొరేట్’ మూడే ప్రశ్నలది: మీకు అర్థమయ్యేలా చెప్పడానికి ఎంత ప్రయత్నించారు, మీకు ముఖ్యమైనవి ఎంతవరకు విన్నారు, తరువాత ఏం చేయాలో ఎంచేటప్పుడు వాటిని ఎంతవరకు లెక్కలోకి తీసుకున్నారు. వీటికి కాస్త పక్కగా, 1995లో ఆనెట్ ఓ’కానర్ రూపొందించిన 16 అంశాల పట్టిక మనిషి మనసులోని ఊగిసలాటను కొలుస్తుంది. అందులో సున్నా అంటే నిశ్చింత, నూరు అంటే ఎటూ తేలని తికమక.

ఒకే సంభాషణకు ఈ కొలబద్దలు ఒకే అంకె ఇవ్వవు. రోగిని అడిగితే మార్కులు నిండుగా పడతాయి, రికార్డింగు విన్నవాళ్లు వేస్తే అడుగంటుతాయి. అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్ స్కానింగుకు ప్రభుత్వ బీమా డబ్బు చెల్లించాలంటే ముందుగా ఉమ్మడి నిర్ణయపు సంప్రదింపు జరిగి తీరాలని 2015లో నిబంధన పెట్టారు. 2018లో అచ్చయిన ఒక అధ్యయనం అలాంటి 14 సంభాషణలను విని ‘ఆప్షన్’ మీద కొలిచింది. సగటున నూటికి ఆరు వచ్చాయి. స్కానింగు గురించి మాట్లాడింది సగటున ఒక్క నిమిషం. నిబంధన కాగితం మీద నెరవేరింది.

అనంతపురం పీఠభూమికి ఈ కొలమానాలను తెస్తే చిక్కు ఇంకోలా ఉంటుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, వేరుశనగను నమ్ముకున్న మెట్ట సేద్యం, పంట పోయిన ఏడాది బెంగళూరు వలస. 2022 ఏప్రిల్ 4న పాత జిల్లా అనంతపురము, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విడిపోయింది. బత్తలపల్లిలోని రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ ఆసుపత్రి ఇప్పుడు రెండో జిల్లా కిందికి వస్తుంది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో మొదలుపెట్టిన సంస్థ అది. 2016 నాటి జాతీయ మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల వయసువాళ్లకు అయిదేళ్లకోసారి నోరు, రొమ్ము, గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు చేయాలి. పిలుపు వైద్యుడి గదిలో మొదలుకాదు, ఆశా కార్యకర్త గడప దగ్గర మొదలవుతుంది. వెళ్లాలా వద్దా అన్నది చాలా ఇళ్లలో అత్తా భర్తా కూర్చుని తేలుస్తారు. శెనక్కాయ పెరికే రోజుల్లో ఒక పూట కూలి పోవడమూ ఆ లెక్కలోకి వస్తుంది. వైద్యుడి ముందు కూర్చునేసరికి నిర్ణయం అయిపోయి ఉంటుంది. ఇద్దరి సంభాషణను కొలిచే పట్టికకు ఆ గడప కనిపించదు.

గదిలో వినిపించే మాట కూడా కొలతను తప్పుదారి పట్టిస్తుంది. “మీరెట్ల జెప్తే అట్లే సార్” అన్న ఆమెను బయట ప్రశ్నావళి నింపమంటే డాక్టరు బాగా మాట్లాడాడని పూర్తి మార్కులేస్తుంది. అది అబద్ధం కాదు, మర్యాద. ‘కొలాబొరేట్’ రూపకర్తలు ఈ ఇబ్బందిని కొంత తప్పించడానికి సగటు వదిలేసి, మూడు ప్రశ్నలకూ అత్యధిక మార్కు వేసినవాళ్లు ఎంతమందో లెక్కించే పద్ధతి పెట్టారు. అందరూ నిండు మార్కులే వేసే చోట అదీ పనిచేయదు. జర్మన్ ప్రశ్నావళి మొదటి వాక్యమే, ఒక నిర్ణయం తీసుకోవాల్సి ఉందని డాక్టరు స్పష్టంగా చెప్పారా అంటుంది. “క్యాంపు పెట్టినారు, రండి” అని పిలిస్తే వచ్చినామెకు అక్కడ నిర్ణయమనేది ఒకటుందన్న సంగతే తెలియదు. అనువాదకుడు ఎంత మంచి తెలుగు రాసినా ఈ ఖాళీ పూడదు. పైగా మడకశిర, రాయదుర్గం వైపు కన్నడం కావాలి, కదిరి, హిందూపురం పట్టణాల్లో ఉర్దూ కావాలి.

చెప్పాల్సిన విషయాలు మాత్రం బోలెడున్నాయి. గర్భసంచి ముఖద్వారానికి పల్చటి ఎసిటిక్ ఆమ్లం (వెనిగర్‌లో ఉండేదే) పూసి, ఒక నిమిషం ఆగి, తెల్లమచ్చ కనిపిస్తుందేమో చూస్తారు. ముంబయి బస్తీల్లో ఈ పరీక్షతో ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని 2014లో తేలింది. అదే 31 శాతాన్ని వెయ్యిమందిలో ఎందరికి మేలు అన్న లెక్కలో చెబితే వినేవాళ్ల మనసులో పడే ముద్ర వేరు. తెల్లమచ్చ కనిపించిన ప్రతి ఒక్కరికీ క్యాన్సర్ ఉండదు. ముట్లుడిగిన తరువాత పరీక్షించాల్సిన భాగం లోపలికి జరిగిపోతుంది గనుక పెద్ద వయసులో ఈ పద్ధతి అంత నమ్మదగినది కాదు. మచ్చ కనిపిస్తే అదే పూట కాల్చి తీసేయడమూ కొన్నిచోట్ల ఉంది. పరీక్షకు ఇచ్చిన సమ్మతి చికిత్సకు సమ్మతి కాదని సుప్రీంకోర్టు 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో స్పష్టం చేసింది కాబట్టి, ఆ రెండు ప్రశ్నలూ విడివిడిగా అడగాలి.

సంతకాన్ని కొలమానంగా పెట్టుకుంటే ఏమవుతుందో తెలుగు నేల చూసింది. 2009లో నాటి ఖమ్మం జిల్లాలో, పాత్ అనే సంస్థ ఆధ్వర్యంలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ అనే వైరస్‌ను అడ్డుకునే టీకాలు వేశారు. అది స్క్రీనింగ్ కాదు, టీకా. నిరోధించాలనుకున్నది మాత్రం ఇదే క్యాన్సర్‌ను. విచారణలో సమ్మతి పత్రాలు తిరగేస్తే 9,543 పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి, 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2010లో కార్యక్రమం ఆగింది, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. టీకా వేయించుకున్న బాలికల్లో సంభవించిన మరణాలకు టీకాతో సంబంధం ఉండే అవకాశం లేదనే విచారణ సంఘం భావించింది. పత్రాలు మాత్రం పత్రాలుగానే మిగిలాయి.

అనంతపురంలాంటి చోటికి ఎక్కువగా నప్పేది థెరెసా మార్టో బృందం 2001లో ప్రతిపాదించిన కొలత అనిపిస్తుంది. అది డాక్టరు ఎలా మాట్లాడాడని అడగదు. మనిషికి విషయం తెలుసా, ఆ పరీక్ష మీద ఆమె అభిప్రాయం ఏమిటి, చేసిన పని ఆ అభిప్రాయంతో కుదిరిందా అన్న మూడింటినీ కలిపి చూస్తుంది. తెలిసి, వద్దనుకొని, వెళ్లనామె కూడా ఇక్కడ సరైన ఎంపిక చేసినట్టే. జర్మనీలో పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష గురించి వివరమైన పుస్తకం ఇచ్చినవాళ్లలో ఇలాంటి ఎంపిక 44 శాతానికి చేరింది, మామూలు కరపత్రం అందుకున్నవాళ్లలో 12.8 శాతం దగ్గరే ఉంది. పరీక్ష చేయించుకున్నవాళ్ల సంఖ్య మాత్రం రెండు వర్గాల్లోనూ దాదాపు సమానం. వివరంగా చెబితే జనం బెదిరి రారన్న భయానికి ఆ అధ్యయనంలో ఆధారం దొరకలేదు.

గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెట్టిన లక్ష్యం మరో దారిది: 35 ఏళ్లకు ఒకసారి, 45 ఏళ్లకు ఇంకోసారి 70 శాతం మహిళలకు మంచి పరీక్ష అందాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 30-49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్లు రెండు శాతం కూడా లేరు. ఇంత దూరం నడవాల్సిన కార్యక్రమం తలలే లెక్కపెడుతుంది, వద్దన్నామె అందులో లోటుగానే కనబడుతుంది.

ప్రశ్న ఎవరు, ఎక్కడ అడుగుతున్నారన్నదీ కొలతలో భాగమే. క్యాంపుకు పిలుచుకొచ్చిన ఆశా కార్యకర్తే బయట నిలబడి అడిగితే వచ్చే జవాబు ఒకటి. వారం తరువాత ఇంకొకరు ఇంటికి వెళ్లి, తెల్లమచ్చ అంటే ఏమనుకున్నావమ్మా, రాకపోతే ఎవరైనా ఏమన్నా అనేవాళ్లా అని ఆమె మాటల్లోనే చెప్పించుకుంటే వచ్చేది ఇంకొకటి. ఎంచుకోవడానికి రెండో పరీక్షా పద్ధతి ఒకటి ఉండటం కూడా అవసరం. హైదరాబాద్ పక్కన మేడ్చల్ ప్రాంతపు గ్రామాల్లో, మహిళలు స్వయంగా తీసుకున్న నమూనాతో హెచ్‌పీవీ పరీక్ష చేయడం ఎంతవరకు కుదురుతుందో పరిశీలించి 2009లోనే ఫలితాలు ప్రచురించారు. బల్ల మీద పడుకోవడానికి సిగ్గుపడి వెనుదిరిగే ఆమెకు ఇంటి దగ్గరే నమూనా తీసుకోవచ్చని చెప్పినప్పుడు, జర్మన్ ప్రశ్నావళిలోని ‘వేర్వేరు పద్ధతులున్నాయని చెప్పారా’ అన్న వాక్యానికి ఆమె వేసే మార్కుకు ఒక అర్థం వస్తుంది.