అంబాసిడర్ కింద నూనె మరక

బండి కింద నూనె మరక లేదంటే లోపల నూనె అయిపోయిందన్నమాట! అంబాసిడర్ మీద ఈ జోకు మీరు వినే ఉంటారు. చంద్రగిరిలో మా మామయ్య దగ్గరున్న 1972 మోడల్‌దీ అదే రోగం. చూసినోళ్ళంతా "గేర్‌బాక్స్ లీకు, ఇంజనూ గేర్‌బాక్సూ కొత్తవి వేయించెయ్" అనేవాళ్ళే. లీకుకూ ఒక చరిత్ర ఉంటుంది, అది తెలియకుండా పానా పట్టుకోకూడదు అంటాను నేను.

అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్. హిందుస్థాన్ మోటార్స్ దాన్ని 1957 నుంచి 2014 మే దాకా తయారుచేసింది. చాలాకాలం అందులో వాడిన 1489 సీసీ ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ళ బి-సిరీస్. దాని క్రాంక్‌షాఫ్టు వెనక కొసకు రబ్బరు సీలు లేదు. షాఫ్టు మీద మరచుట్టు లాంటి గాడి ఉంటుంది, తిరిగేటప్పుడు అదే నూనెను లోపలికి తోస్తుంది. ఇంజను ఆపితే గాడి పనీ ఆగినట్టే. నిలబెట్టాక నాలుగు చుక్కలు కారడం డిజైన్‌లోనే ఉందన్నమాట.

పోనీ, అప్పటికి సీళ్ళు లేవా అంటే ఉన్నాయి. జర్మనీలో ఫ్రాయిడెన్‌బర్గ్ అనే తోళ్ళ కంపెనీ 1929 మాంద్యం దెబ్బకి తోలుతో షాఫ్టు సీళ్ళు చేయడం మొదలెట్టి, 1930ల్లోనే సింథటిక్ రబ్బరుకు మారింది. మన దగ్గర లైసెన్సుల రాజ్యం, కొనేవాడికి వేరే దిక్కు లేదు, కంపెనీకి మార్చాల్సిన తొందరా లేదు. లెగసీ కోడు మోసేవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు :)

ఇక రిపేరు. ముందు అడుగుభాగం శుభ్రంగా కడిగి, కింద అట్టముక్క పరిచి రాత్రంతా వదిలేయాలి. క్లచ్ హౌసింగ్ కింద నల్లగా, పల్చగా పడితే అది ఇంజనాయిల్. గేరాయిల్ చిక్కగా ఉండి గంధకం వాసన కొడుతుంది. గేర్‌బాక్స్ తోక దగ్గర, ప్రొపెల్లర్ షాఫ్టు దూరే చోట తడిస్తే అక్కడి సీలు అరిగినట్టు. షాఫ్టు దించి సీలు మారిస్తే సరి. మామయ్య బండిలో తేలింది ఇదే. మార్చాల్సింది ఒక చిన్న చుట్టు, గేర్‌బాక్స్ మొత్తం కాదు.

ఇంత పట్టింపు ఎందుకంటే, 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, ఇంజనూ చాసిస్సూ బాడీ మార్చకుండా ఉన్న బండికే వింటేజ్ గుర్తింపు, 'వీఏ' సిరీస్ నంబరు. ఆ నంబరు తీసుకుంటే రోజూ తిప్పుకోడానికి లేదు, నిజమే. కానీ వేరే ఇంజను పెట్టేస్తే ఆ అవకాశమే ఉండదు.

మీ ఇంట్లో పాత అంబాసిడర్ ఉంటే, పాత సామాన్లవాణ్ణి పిలిచే ముందు ఒక అట్టముక్క పరిచి చూడండి.