కృష్ణాగర్భంలో గుళ్లు, ఊళ్లు



శ్రీశైలయాత్రకు వెళ్లిన మనము పాతాళగంగ మెట్లు దిగి స్నానమాచరించే చోట కృష్ణవేణి నేడు పూర్వపు ప్రవాహం కాదు. ఆనకట్ట వెనుక నిలిచిన జలాశయం. ఆ జలాశయపు చరిత్రను తెలుసుకొనుట కూడ క్షేత్రచరిత్రలో భాగమే.

నల్లమల కొండల నడుమ ఈ నిర్మాణం 1960లో ఆరంభమై సుమారు ఇరువది ఏండ్లు సాగినది. తొలుత దీనిని విద్యుత్తు కొరకే తలపెట్టినారు. నేడు కుడిగట్టున 770, ఎడమగట్టున భూగర్భంలో 900 మెగావాట్ల కేంద్రాలున్నవి. తరువాత పోతిరెడ్డిపాడు ద్వారా రాయలసీమ పొలాలకు, తెలుగుగంగ ద్వారా చెన్నై నగరానికి ఈ జలాలు చేరినవి. ఇంతటి మేలును కాదనుట న్యాయం కాదు.

అయితే 885 అడుగుల మట్టానికి నీరు నిలుపుటకు కృష్ణా, తుంగభద్రల తీరాలు మునుగవలసి వచ్చినది. ఆ తీరాలు బాదామి చాళుక్యుల నాటి నుండి ఆలయాలకు నెలవులు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ గుర్తు వేసి విప్పి, అలంపురంలో మరల నిలిపినారు. పాపనాశి ఆలయాలనూ అట్లే తరలించినారు. రూపాల సంగమేశ్వరుడు కర్నూలు చెంత జగన్నాథగట్టుకు చేరినాడు. అలంపురపు నవబ్రహ్మాలయాలను కాచుటకు అడ్డుగోడ కట్టినారు. పురావస్తు శాఖవారి ఈ శ్రమ శ్లాఘనీయం.

మరి మనుషుల మాట? నాటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో సుమారు వంద గ్రామాలు మునిగినవి. లక్షకు పైగా జనులు ఇల్లూ పొలమూ విడిచినారు. 1981లో ఇండ్లను కూల్చి అనేకులను ఖాళీ చేయించినారు. నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగాలిచ్చుటకు 1986లో 98వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు వెలువడినది. దాని అమలు కొరకు తండ్రుల తరువాత బిడ్డలు కూడ కార్యాలయాల చుట్టూ ఏండ్ల తరబడి తిరిగినారు. రాళ్లకు వేసిన గుర్తులు చెదరలేదు. ఊళ్లు మాత్రం చెదరిపోయినవి. ఒకే వీధివారు పలుచోట్లకు చేరి, జాతరలో కలిసే బంధువులు దూరమైనారు.

వారిచ్చిన నేలపై నేడు పూడిక పేరుకొనుచున్నది. మొదట 308 టీఎంసీలు పట్టిన జలాశయం ఇప్పుడు సుమారు 215 టీఎంసీలే పట్టుచున్నది. త్యాగఫలం తరిగిపోకుండ కాపాడుట కూడ మన బాధ్యతయే.

ముచ్చుమర్రి చెంత సప్తనదీ సంగమేశ్వరాలయం మాత్రం తరలలేదు. అక్కడి లింగం వేపదారువుతో చేసినది. ధర్మరాజు ప్రతిష్ఠ అని ఐతిహ్యం. ముంపు తరువాత 2003లో అది మొదటిసారి బయటపడినది. నాటి నుండి నీరు తగ్గిన వేసవులలో దర్శనమిచ్చి, వరద రాగానే మునుగుచున్నది. నీరు తీయగానే దానితో పాటు పాత ఊళ్ల పునాదులు కూడ కానవచ్చును. గుడి చూచుటకు వచ్చినవారు ఆ పునాదుల వద్ద కూడ ఒక క్షణం నిలువవలెను. స్థలపురాణం చెప్పునపుడు, స్వామి పేరుతో పాటు ఆ స్వామిని తరతరాలుగా కొలిచిన ఊళ్ల పేర్లను కూడ మన బిడ్డలకు చెప్పుదుము గాక!